నాన్నగారి కొలబద్ద

గత సంచికలో ఈ శీర్షిక క్రింద ప్రెషర్ కుక్కరు రబ్బరు చుట్టు ఎందుకు సాగిపోతుందో ముచ్చటించుకొన్నాము. ఈ పర్యాయం డిసెంబరు సంచిక కనుక పండుగ సంగతి వ్రాయవలసిందని సంపాదకవర్గంవారు కోరారు. ఇంజనీరు చేత పండుగ గురించి వ్రాయిస్తే అందులోను కొలతలే వస్తాయని వారికి ముందే మనవి చేసుకొన్నాము. అయినా ఫరవాలేదన్నారు.

మా ఇంట ప్రతి క్రిస్మస్‌కు ఒక నక్షత్రం కడతాము. కొని తెచ్చేది కాదు. వెదురు బద్దలతో, గాలిపటాల కాగితంతో, ఇంట్లో కాచిన మైదా జిగురుతో కట్టేది. 1969లో మా నాన్నగారు మొదటిది కట్టారు. వారు గుంటూరు ప్రాంతం నుండి ఈ టౌన్‌షిప్‌కు ఫిట్టరుగా వచ్చిన తొలి సంవత్సరాలవి. ఆ ఏడు పండుగనాడు వారికి రాత్రి షిఫ్టు పడింది. ఊరికి పోయే వీలు లేదు. మా అమ్మ ఒడిలో ఏడాది పిల్లవాడిగా మేము. ఊళ్లో ఉంటే చర్చి ముందు, ప్రతి విశ్వాసి ఇంటి ముందు డిసెంబరు నెల ప్రవేశించగానే నక్షత్రాలు వ్రేలాడుతాయి. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రానికి గుర్తు అది. ఇక్కడ మా వరుసలో ఆ సంవత్సరం ఒక్క ఇంటి ముందూ లేదు. నాన్నగారు ఏమనుకొన్నారో గాని, క్వార్టరు వెనుక మా అమ్మ బీరపాదుకు కట్టించిన తడిక నుండి రెండు వెదురు బొంగులు లాగేశారు. ఆ తడిక గురించి మా అమ్మ ఈనాటికీ జ్ఞాపకం చేస్తూనే ఉంటుంది.

ఆ మొదటి నక్షత్రానికి కాగితం అతికే విద్య మాత్రం ప్రక్క క్వార్టరు వారిది. వారు మరాఠీవారు. దీపావళికి ఇంటి ముందు వెదురుతోను, రంగు కాగితంతోను ఆకాశ కందీలు కట్టి లోపల దీపం పెట్టడం వారి ఆచారం. కాగితపు అంచును నేరుగా వెదురుకు అతికితే ఎండకు బిగిసి చిరుగుతుందని, అంచు వెంబడి పురికొస పోయించి, దాని మీదుగా కాగితాన్ని మడిచి అతికితే నిలుస్తుందని ఆ ఇంటి గృహిణి మా అమ్మకు నేర్పింది. మన దేవాలయాలలో కార్తికమాసాన ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపం, వారి కందీలు, మా నక్షత్రం ఒక వరుసలో చూస్తే, ఎత్తున దీపం పెట్టాలన్న ముచ్చట మన దేశంలో అందరికీ ఉన్నదే అనిపిస్తుంది. ఆ కుటుంబం బదిలీ మీద వెళ్లిపోయింది గాని పురికొస మడత మా ఇంట నిలిచిపోయింది.

ఇక కట్టే విధానం. పెద్ద బద్దలు పది కావాలి, ఒక్కొక్కటి మూడడుగులు. అయిదింటితో ముందు చట్రం, అయిదింటితో వెనుక చట్రం. రెండు చట్రాలనూ అయిదు కొసల దగ్గర కలిపి కట్టిన తరువాత, లోపల బద్దలు ఒకదానినొకటి దాటే అయిదు చోట్ల ఎనిమిదేసి అంగుళాల ఊతపుల్లలు దూర్చి చట్రాలను ఎడం చేస్తారు. అప్పటిదాకా బల్లపరుపుగా ఉన్న వస్తువు ఒక్కసారిగా పొట్ట వచ్చి నిజమైన నక్షత్రం అవుతుంది. మా చిన్నతనంలో ఆ క్షణం కోసమే అందరం చుట్టూ మూగేవాళ్లము. చివరి ఊతపుల్ల ఎవరు దూర్చాలన్న విషయమై మాకును మా చెల్లెలికిని జరిగిన తగాదాలు ఈ పత్రికలో వ్రాయదగినవి కావు.

వెదురును చీల్చేటప్పుడు పచ్చని పై పొర బయటివైపు ఉండేటట్లు చూసుకోవాలి. వెదురులో నారలు పై పొర దగ్గర దట్టంగాను, లోపలికి పోను పలుచగాను ఉంటాయి. బద్దను వంచినప్పుడు సాగుదల అంతా పడేది బయటివైపునే గనుక బలమైన పొర అక్కడ ఉండాలి. నాన్నగారు చిన్నప్పుడు ఊరిలో మేదరివారు బుట్టలల్లే చోట కూర్చుని ఇది నేర్చుకొన్నారట. మేము దీనిని కళాశాలలో మూడవ సంవత్సరంలో, వేరే పేరుతో, పరీక్ష కోసం నేర్చుకొన్నాము.

జిగురు మా అమ్మ శాఖ. గిన్నెలో మైదా, దానికి అయిదారింతల చన్నీళ్లు, ఉండలు లేకుండా కలిపి సన్నని మంట మీద కలియబెడుతూ ఉంటే తెల్లని ద్రవం కాస్త అద్దంలా తేరుతుంది. అప్పుడు దించాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం గనుక దానికి వేరే గిన్నె, వేరే గరిటె. ఆ గిన్నె అటక మీద నుండి దిగేది ఏడాదికి ఒక్కమారే. పిల్లలున్న ఇంట మైలుతుత్తం లేకుండానే చేసుకోవడం మేలు. నక్షత్రం ఉండేది నెల రోజులే గదా, పురుగు పట్టేలోపల పండుగ అయిపోతుంది.

లోపలి దీపం సంగతి కొంచెం చెప్పాలి. మొదట్లో నాన్నగారు వంద వాట్ల బల్బు పెట్టేవారు. 1974లో ఒక రాత్రి గాలికి బల్బు ఒరిగి కాగితానికి ఆనింది. మామూలు తీగ బల్బు తీసుకొన్న విద్యుత్తులో వెలుగుగా మారేది నూటికి అయిదు పాళ్ల ప్రాంతం, తక్కినదంతా వేడి. నడిమి కాగితం మాడి చిల్లి పడింది. ఇరుగుపొరుగువారు నీళ్ల బకెట్లతో పరుగెత్తుకొని వస్తుంటే, ముందు స్విచ్చి కట్టండని మా అమ్మ కేక వేసింది. అందరిలోకి ఆ మాట తెలిసినది ఆమె ఒక్కతెకే కావడం గమనార్హం. మరునాటి నుండి జీరో బల్బు. పేరు జీరో అయినా అదీ పదిహేను వాట్ల దాకా లాగేదే. అయినా కాగితానికి జానెడు ఎడంగా ఉంచితే ప్రమాదం లేదు. ఇప్పుడు ఎల్.ఇ.డి. బల్బు పెడుతున్నాము. వేడి తక్కువే గాని దాని మెడ దగ్గర వెచ్చబడుతుంది గనుక జానెడు ఎడం నియమం మార్చలేదు.

దేశదేశాలలో ఈ నక్షత్రానికి ఎన్నెన్ని రూపాలో! జర్మనీలోని నీస్కీ అనే చిన్న పట్టణంలో మొరేవియన్ సంఘంవారి పాఠశాల ఉండేది. 19వ శతాబ్ది పూర్వార్ధంలో అక్కడ బాలురకు రేఖాగణితం నేర్పడానికి కాగితంతో నక్షత్రాలు చేయించేవారు. పద్ధెనిమిది చదరాలు, ఎనిమిది త్రిభుజాలు గల ఘనరూపం తీసుకొని, వ్రేలాడదీయడానికి ఒక చదరం విడిచిపెట్టి, మిగిలిన ఇరవై అయిదు ముఖాల మీద ఇరవై అయిదు కోణపు మొనలు నిలుపుతారు. ఆ సంఘంవారే 1885లో మన లడఖ్‌లోని లేహ్‌లో మిషను స్థాపించారు. ఫిలిప్పీన్స్ దీవులలో వెదురు, పలుచని కాగితంతో చేసే నక్షత్రాన్ని 'పరోల్' అంటారు. అక్కడి శాన్ ఫెర్నాండో నగరంలో ఇరవై అడుగుల వ్యాసం గల పెద్ద లాంతర్లు కడతారు. వాటిలో వేల బల్బులు తాళానికి తగినట్లు వెలిగి ఆరడానికి వారు వాడే సాధనం విద్యుత్ విభాగపు మిత్రులు తప్పక తెలుసుకోదగినది. పెద్ద ఇనుప పీపాను చేత్తో త్రిప్పుతారు. దాని మీద అక్కడక్కడ టేపు అంటించి ఉంటుంది. బల్బుల తీగల చివర కట్టిన తలపిన్నులు పీపాను రాసుకొంటూ ఉంటాయి. పిన్ను ఇనుమును తాకితే దీపం వెలుగు, టేపును తాకితే చీకటి. కంప్యూటరు లేని ప్రోగ్రామింగు అంటే ఇదే కాబోలు.

ఇక అసలు విషయానికి వస్తాము. దీనిని వ్రాయాలా వద్దా అని కొంత తటపటాయించిన మాట నిజం.

నాన్నగారు 1996లో పదవీ విరమణ చేశారు. అప్పటికి మేము ఇదే కర్మాగారంలో ఇంజనీరుగా ఆరేండ్ల అనుభవం గలవారము; అమ్మా నాన్నగారూ మాతోనే ఉన్నారు. వారి చేతివేళ్లు బిగుసుకుపోయేవి. ముడి వేసేటప్పుడు పురికొస జారిపోతే మళ్లీ మొదలుపెట్టేవారు. ఏటేటా ఈ శ్రమ దేనికని మాకు తోచింది. 1997లో సెలవు దినాలలో కూర్చుని అల్యూమినియం యాంగిల్ కోసి, రివెట్లు కొట్టి, పాలరంగు ప్లాస్టిక్ రేకు బిగించి ఒక శాశ్వత నక్షత్రం తయారుచేశాము. సామగ్రి అంతా బజారులో కొన్నదే. విజిలెన్సు విభాగపు మిత్రులు గమనింతురు గాక. కోణాలు ముప్పై ఆరు డిగ్రీలకు వెంట్రుకవాసి తేడా లేదు. వానకు తడవదు, గాలికి చిరగదు. ఆ రోజులలో 'నిర్వహణ రహితం' అన్న మాట మా నోట తరచు వినిపించేది.

డిసెంబరు మొదటివారంలో దానిని వసారాలో వ్రేలాడదీసి స్విచ్చి వేశాము. నాన్నగారు కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశారు.

"బాగున్నదిరా అబ్బాయ్. మరి దీన్ని మళ్లీ ఎప్పుడు కట్టాలి?" అన్నారు.

"మళ్లీ కట్టే పనే లేదు నాన్నా," అన్నాము గర్వంగా.

వారు ఇంకేమీ అనలేదు. ఆ డిసెంబరు అంతా సాయంత్రాలు వారు వసారాలో ఊరికే కూర్చునేవారు. వెదురు కోసం బజారుకు పోవడం లేదు. బద్దలు నానబెట్టడం లేదు. ఎప్పుడూ జిగురు పూయడానికి పోటీపడే వీధి పిల్లలు ఆ ఏడు మా గుమ్మం త్రొక్కలేదు, వారికి మా ఇంట పనేమున్నది గనుక. అటక మీది గిన్నె దిగలేదు. ఇవన్నీ అప్పుడు మా కంట పడలేదు. తరువాత ఒక్కొక్కటిగా జ్ఞాపకం వచ్చాయి.

1998 ఆగస్టులో నాన్నగారు ప్రభువు సన్నిధికి చేరుకొన్నారు. వారు చూసిన చివరి నక్షత్రం మా అల్యూమినియందే.

ఆ డిసెంబరులో పండుగ వద్దనే అనుకొన్నాము. అమ్మే ఒకనాడు, "నక్షత్రం కట్టు. వెదురుతో కట్టు," అన్నది. మేము వెదురు తెచ్చాము. కాగితం మీద పంచభుజి గీసి, త్రికోణమితి ప్రయోగించి, మూడడుగుల బద్ద మీద దాటుళ్లు ఎక్కడ పడాలో లెక్క కట్టాము. ముప్పై ఆరు అంగుళాలలో ఆ చివర పదమూడు ముప్పావు, ఈ చివర పదమూడు ముప్పావు, నడుమ ఎనిమిదిన్నర. లెక్క సరిపోయింది. గుర్తులు పెట్టి, గుర్తుల దగ్గర ముడులు వేసి లేవనెత్తి చూస్తే నక్షత్రం ఒక ప్రక్కకు క్రుంగి ఉన్నది. విప్పి మళ్లీ కట్టాము. ఈసారి రెండవ ప్రక్కకు క్రుంగింది. టెక్నికల్ డిగ్రీ గల మనిషి, తన కోసం తండ్రి ముప్పై ఏండ్లపాటు కట్టిన వస్తువును ఒక్కమారు కట్టలేక నేల మీద కూలబడి ఉండడం మా అమ్మ చూసింది. బియ్యపు డబ్బా వెనుక నుండి ఒక బద్ద తీసి ఇచ్చింది.

"ఇది మీ నాన్న కొలబద్ద. దీన్ని చూడకుండా ఆయన ఏనాడూ కట్టలేదు."

చేతులు తగిలి తగిలి నల్లబడి నునుపు తేరిన మూడడుగుల వెదురు బద్ద అది. దాని మీద కత్తితో పెట్టిన గాట్లు రెండే. టేపు పెట్టి కొలిచాము. మొదటిది పదమూడు ముప్పావు దగ్గర. అది మాకు తెలిసిన లెక్కే. రెండవది ఇరవై రెండుంబావు దగ్గర. అది ఏమిటో కాసేపు తోచలేదు. తరువాత తట్టింది: నక్షత్రపు ఒక కొసకు, ప్రక్క కొసకు నడుమ ఎడం అది.

నాన్నగారు లోపలి దాటుళ్లతో మొదలుపెట్టేవారు కారు. అయిదు బద్దలనూ కొసకు కొస కలిపి వదులుగా ముడివేసి, నేల మీద పరచి, కొసకు కొసకు నడుమ కొలబద్ద ఆన్చి రెండవ గాటుకు సరిపుచ్చేవారు. అయిదు కొసలూ సరిపడితే లోపలి దాటుళ్లు వాటంతట అవే పదమూడు ముప్పావు దగ్గరకు వచ్చి కూర్చుంటాయి. మొదటి గాటు కేవలం సరిచూసుకోవడానికి. ఆ మీదటనే ముడులు బిగించడం. మేము చేసినది తలక్రిందుల పని. నడిమి ఎనిమిదిన్నర అంగుళాలలో జరిగిన చిన్న తప్పు కొసకు పోయేసరికి రెండున్నర రెట్లు అవుతుంది. సర్వే చేసే ఇంజనీరుకు మొట్టమొదట చెప్పే పాఠం, మొత్తం నుండి భాగానికి రావాలి గాని భాగం నుండి మొత్తానికి పోరాదని. ఆ పాఠానికి మాకు పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి.

ఆ రెండు గాట్ల నిష్పత్తులు కూడా ముచ్చటైనవి. ముప్పై ఆరులో ఇరవై రెండుంబావు అంటే 0.618 వంతు, పదమూడు ముప్పావు అంటే 0.382 వంతు. పెద్ద ముక్కకు, మొత్తానికి ఉన్న నిష్పత్తే చిన్న ముక్కకు, పెద్ద ముక్కకు ఉంటుంది. రెండువేల సంవత్సరాలకు పూర్వం యూక్లిడ్ ప్రత్యేకంగా వర్ణించిన విభజన ఇది. స్వర్ణ నిష్పత్తి అని నేడు పేరు. నాన్నగారికి యూక్లిడ్ పేరు తెలియదు. ఎన్ని నక్షత్రాలు క్రుంగిన తరువాత ఆ గాట్లు పడ్డాయో మాకు తెలియదు. అడగవలసిన కాలంలో మేము రివెట్లు కొడుతున్నాము.

ఆ రాత్రి పదకొండు గంటలకు నక్షత్రం నిలిచింది. చివరి ఊతపుల్ల అమ్మ దూర్చింది.

ఊతపుల్లల గురించి ఒక మాట మరచాము. జనవరి 6న, జ్ఞానుల పండుగనాడు, నక్షత్రం విప్పేటప్పుడు ఒక ఊతపుల్ల తీసి దాని మీద సంవత్సరమూ, ముడులు వేసినవారి పేరూ వ్రాసి దాచడం నాన్నగారి అలవాటు. రేకు పెట్టెలో వాటి కట్ట ఉన్నది. 1969 నుండి 2024 వరకు లెక్కపెడితే యాభై ఆరు ఉండాలి; యాభై అయిదే ఉన్నాయి. అల్యూమినియం నక్షత్రానికి ఊతపుల్లలు లేవు. ఆ నక్షత్రం ఇప్పుడు పెరటిలో కాకరపాదుకు పందిరిగా ఉపయోగపడుతున్నది. తుప్పు పట్టలేదు, వంగలేదు. తయారీలో మాత్రం లోపం లేదని ఒప్పుకోక తప్పదు. మా అమ్మకు 1969లో పోయిన తడికకు బదులు అదేనని ఇంట్లోవారు అంటారు.

2020లో అందరూ ఇండ్లలో ఉండిపోయిన డిసెంబరున మా అమ్మాయి బెంగుళూరులో ఒంటరిగా ఉన్నది. రైలెక్కి రావద్దని మేమే చెప్పాము. కొలతలు చెప్పమని ఫోను చేసింది. అక్కడ ఆమెకు దొరికినవి అరవై సెంటీమీటర్ల పుల్లలు. కొసల నడుమ 37.1, దాటుళ్లకు 22.9 అని లెక్క కట్టి చెప్పాము. ముందు కొసలు చూసుకోమన్నాము. జిగురుకు మాత్రం నాయనమ్మకే ఫోను ఇవ్వమన్నది. ఇద్దరూ ముప్పావు గంట మాట్లాడుకొన్నారు. మైదా జిగురుకు అంత వ్యవధి అవసరం లేదు. ఆ ఏటి ఊతపుల్లలు మాకు రెండు వచ్చాయి. ఒకటి కొరియరులో వచ్చినది. కట్టలో దానిని లెక్కించడం లేదు గాని విడిగా దాచాము.

ఈ సంవత్సరం కట్టదలచిన పాఠకులకు రెండు సూచనలు. పుల్ల పొడవు ఎంతైనా సరే, దానిని 0.618తో హెచ్చిస్తే కొసల ఎడం, 0.382తో హెచ్చిస్తే దాటుడు దూరం వస్తాయి. బద్దలను ముందురోజు రాత్రి నానబెట్టండి. కాగితం ఇప్పుడే కొని ఉంచుకోవడం మంచిది. సంక్రాంతి దగ్గరపడితే గాలిపటాలవారు రంగు కాగితం మిగలనివ్వరు. లెక్క వద్దనుకొనేవారు మా క్వార్టరుకు వస్తే కొలబద్ద ఇస్తాము. కిందటేడు మా వరుసలోనే ముగ్గురు పట్టుకుపోయారు. నాలుగవవారు, క్రొత్తగా చేరిన యువ ఇంజనీరు, ఈ ఏడు ముందుగానే అడిగి ఉన్నారు. అమ్మ వారికి డిసెంబరు పదిహేను లోపల తెచ్చి ఇవ్వవలసిందని, అటుపైన మాకు పని ఉన్నదని చెప్పింది.